ఒకే పేరున్న పదకొండు పాటలు

మధ్యాహ్నం రెండు దాటాక కరెంటు వచ్చింది. మా వీధిలో కరెంటు వస్తే అన్ని అంతస్తుల నుంచీ ఒక్కసారిగా ‘మీ లాబీ’, కరెంటొచ్చిందని బర్మాలో కేకలు లేస్తాయి. వచ్చిందని అందరం ఒప్పుకోకపోతే మళ్ళీ పోతుందేమోనన్న భయం మాకు. ఆ కేకలు సద్దుమణిగాక బల్ల మీది పాత హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టింది. కిర్రుమంది, కాస్త ఆగింది, మళ్ళీ కిర్రుమంది. వారం క్రితం రత్నం అత్త తమ్ముడు నది అవతలి తన్లిన్ నుంచి బస్సులో మోసుకొచ్చి ఇచ్చిన అట్టపెట్టెలో ఆరు డిస్కులున్నాయి. ఇది ఆఖరిది. తెరిస్తే వారాల పేర్లతో ఫోల్డర్లు కనిపించాయి. లచ్చివారం అన్నదాని లోపల ఇంకో ఫోల్డరు, దానిలో ‘ఓడ హారతి’ అనే పేరుతో రెండు పాటలు. పైదాన్ని నొక్కి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ముందొక చిన్న దగ్గు వినిపించింది. ఆ తర్వాత కాస్త బొంగురుగా ఉన్న ఒక ఆడమనిషి గొంతు ‘ఓడ దాటి వచ్చినమ్మా’ అని అందుకుంది.

ఇయర్‌ఫోన్లు చెవుల్లోంచి లాగి పారేశాను. ఆ పాడుతున్నది సింహాచలమ్మ గారు. ఆవిడ పోయి పదమూడేళ్ళు. అది కాదు నన్ను వణికించింది. పోయినవాళ్ళ గొంతులు వినడం నాకు అలవాటే, నా ఉద్యోగమే అది. ఆ పాటను ఎనిమిదేళ్ళ క్రితం నేనే చెరిపేశాను. నా చేత్తో, నా తెలివితక్కువతనంతో, మళ్ళీ దొరకకుండా చెరిపేశాను. ఆ సంగతి పది ఇళ్ళకు వెళ్ళి, తల వంచుకుని, నా నోటితో నేనే చెప్పాను. చెప్పించింది రత్నం అత్త. ఆ పాట ఆమె పెట్టెలో నిక్షేపంగా ఉంది.

రత్నం అత్త మీకెవరికీ తెలియదు. ఈ ఊళ్ళో కూడా మా తెలుగువాళ్ళకు, సంచౌంగ్ బజారులో ఒక రెండు వీధులవాళ్ళకు తప్ప తెలియదు. ఆమె పేరు నూకరత్నం. ఆమె పాటల దుకాణానికి వచ్చే బర్మావాళ్ళకు డా యదనా. డా అంటే గారు, యదనా అన్నా రత్నమే. నాకు చుట్టరికం ఏమీ లేదు. మాలో తల్లి వయసున్న ప్రతి ఆడమనిషీ అత్తే కాబట్టి అత్త. ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మనవరాలు నలభై దాటాక ఎవరూ నేర్పకుండా కంప్యూటరు నేర్చుకుంది. సిమ్ కార్డులు చవకైన కొత్తలో ఊరంతా ఫోన్లు కొంది గాని, నెట్‌లో పాటలు వినే స్తోమత ఎవరికీ లేదు. అందరూ ఫోన్లు పట్టుకొచ్చి ‘పాటలు నింపు’ అనేవారు. చేపల పులుసు సేమ్యా మొహింగా అమ్మే బండికీ దర్జీ కొట్టుకీ మధ్య, ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్ళు నిలబడాల్సిన ఆ దుకాణంలో బర్మా పాటలు, హిందీవి, తమిళం, తెలుగు, భజనలు, బౌద్ధ ప్రవచనాలు కలిపి ఎన్ని వేలు ఉండేవో నాకు ఇప్పటికీ లెక్క తెలియదు. అన్నీ ఆమెకు తెలుసు. ఎందుకు తెలుసంటే అన్నీ విన్నది.

ఆమె పద్ధతి అదొక్కటే. మొదటి నుంచి చివరి దాకా వినకుండా ఏ పాటనూ ఏ ఫోల్డరులోనూ పెట్టకూడదు. నేను పనిలో చేరినప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. కంప్యూటరు కోర్సు చదివిన గర్వం నిలువెల్లా ఉంది. రోజుకు ఐదు వందల పాటలు సర్దేస్తానని మొదటి రోజే కోతలు కోశాను. పేరు చూడటం, లాగి ఫోల్డరులో పడేయటం, అంతే కదా అన్నాను. అత్త ఏమీ అనకుండా ఎవరో తెచ్చిన మెమరీ కార్డులోంచి ‘ప్రేమ పాట’ అనే పేరున్నది ఒకటి చూపించి, ఎక్కడ పెడతావని అడిగింది. ప్రేమ పాటల్లో పెట్టాను. “ఇప్పుడు ఇను” అంది. అందులో ఒక భిక్షువు గారు సంసారం ఎందుకు అనర్థమో ముప్పావు గంట సేపు బోధించారు. లేవబోతే అత్త భుజం నొక్కి కూర్చోబెట్టింది.

“కొత్తగా లగ్నం కుదిరిన కుర్రోడికి ఇది ఎక్కించీసుంటే ఏటయ్యీది?” అంది, నవ్వకుండా.

“సగం దాకా విన్నాను కదత్తా. చాలదా?”

“సగం ఇని మనిసిని పెళ్ళి సేసుకుంటావేటి? సివరి దాకా ఇను. పేరు ఎవులైనా పెట్టీగలరు.”

ఆ రోజు నేను సర్దినవి పదకొండో పన్నెండో. సాయంత్రానికి చెవులు నొప్పెట్టాయి. ఆమె మాత్రం ఇంకా వింటూనే ఉంది, కళ్ళు మూసుకుని, కాలి బొటనవేలు మాత్రం కదిలిస్తూ.

ఇవన్నీ వచ్చేపోయేవాళ్ళ కోసం. ఆమె సొంతం అనుకున్నవి వేరే ఉన్నాయి. మా వాళ్ళలో ఒక పాట ఉంది, ఓడ హారతి అంటారు. కొత్త కోడలు గడప దాటేటప్పుడు ఆ ఇంటి పెద్దావిడ హారతిపళ్ళెం పట్టుకుని పాడాలి. తక్కిన పెళ్ళిపాటలన్నీ ఆంధ్ర నుంచి వెంట తెచ్చుకున్నవి. ఇది మాత్రం ఇక్కడికొచ్చాక మా ముత్తవ్వలు కట్టుకున్నది. ఓడ దిగిన ఆడపిల్లకు ఈ ఒడ్డు చూపించే పాట. ఇంటికొక తీరు. అహ్లోన్ వాళ్ళ పాటలో రేవు, బస్తాలు వస్తాయి. తన్లిన్ వాళ్ళ పాటలో పడవ వస్తుంది, వంతెన లేని రోజుల నాటిది. కొన్ని ఇళ్ళలో బర్మా మాటలు దూరిపోయాయి. ఈ పాట వచ్చినవాళ్ళు తగ్గిపోతున్నారని అత్త ఫోను పట్టుకుని ఇంటింటికీ తిరిగి రికార్డు చేసింది. పదకొండు ఇళ్ళు దొరికాయి.

వాటిని ఆమె సర్దిన తీరు చూసి మొదట నవ్వాను. పాడినవాళ్ళ పేరును బట్టి కాదు, పుట్టిన వారాన్ని బట్టి. ఈ దేశంలో పుట్టిన తేదీ తెలియనివాళ్ళు ఉంటారు గాని వారం తెలియనివాళ్ళు ఉండరు. పగోడాకు వెళితే ఎవరి వారం మూలనున్న బుద్ధుడికి వాళ్ళు నీళ్ళు పోయాలి కదా. బుధవారాన్ని రెండు చేసి మధ్యాహ్నం తర్వాత పుట్టినవాళ్ళను రాహువుకు అప్పజెబుతారు కాబట్టి వారాలు ఎనిమిది. మా ఆడవాళ్ళకేమో పేర్లు మూడేసి: ఇంట్లో ఒకటి, గుర్తింపు కార్డు మీద బర్మా పేరు ఒకటి, పిల్లలు పుట్టాక ఫలానావాడి తల్లి అని ఇంకోటి. వారం మాత్రం మారదు. అందుకని వారం పేరుతో ఒక ఫోల్డరు, లోపల ఇంటి పేరుతో ఇంకోటి, దానిలో పాట. పాటకు మాత్రం అన్నిచోట్లా ఒకటే పేరు, ఓడ హారతి. పాడినవాళ్ళ పేరు పక్కన చేరుద్దామని నేనంటే వద్దంది.

“మనిసి పేరు ఎట్టీసినామంటే అది ఆల సొత్తయిపోద్ది అమ్మీ. పాట ఒకటే. పదకొండు మంది పాడినారు, అంతే.”

ఆ పదకొండింటిలో లచ్చివారం ఫోల్డరుకు ఏడాదికోసారి ఒకాయన వచ్చేవాడు. తన్లిన్‌లో ఉండే అప్పలస్వామి తాత. చమురు శుద్ధి కర్మాగారంలో చేసి మానేసిన మనిషి. భార్య సింహాచలమ్మ తద్దినం నాడు ఉతికిన లుంగీ కట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టించుకుని ఆ పాట ఒక్కసారి వినేవాడు. రెండోసారి వినేవాడు కాదు. ఫోనులో వేసిస్తాను, ఇంటికి తీసుకెళ్ళు తాతా అంటే చెయ్యి అడ్డంగా ఊపాడు. “ఇంట్లో ఉంటే రోజూ ఇంటాను. రోజూ ఇంటే అరిగిపోద్ది” అన్నాడు. డిజిటల్ పాట అరగదని వివరించబోయాను. అత్త నన్ను టీ తెమ్మని బయటికి పంపేసింది.

అహ్లోన్‌లో ఒక పెళ్ళికి అత్తా నేనూ కలిసి వెళ్ళాం. కోడలు గడప దగ్గర నిలబడింది. పెళ్ళికొడుకు మేనత్త నరసమ్మ గారు హారతిపళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. ఆవిడ పాట అత్త రికార్డు చేసిన పదకొండింటిలో ఒకటి, అందులోనూ మంచిది. ఆవిడ నోరు తెరుస్తారని అందరం చూస్తున్నాం. పెళ్ళికొడుకు తమ్ముడు ఫోనును స్పీకరుకు తగిలించి పాట పెట్టాడు. నరసమ్మ గారి గొంతే. మూడేళ్ళ క్రితం మా దుకాణంలో కాపీ చేయించుకున్నదే. ఆవిడ పెదవులు బిగించి నిలబడి, పళ్ళెం తిప్పుతూ, తన పాట తనే వింటోంది. మనిషి ఎదురుగా ఉంది, గొంతు మూలనున్న స్పీకరులోంచి వస్తోంది. అత్త ఆవిడ దగ్గరికెళ్ళి, ఎందుకు పాడలేదని అడిగింది. “అప్పుడైతే బాగా కుదిరింది కదే రత్నం. ఇప్పుడు గొంతెక్కడుంది. నువ్వు మంచి పని సేసినావు” అని ఆవిడ మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు.

ఆ రోజు అత్త భోజనానికి కూర్చోలేదు. తిరిగి వస్తుంటే బస్సు స్టాపు దగ్గర ఒక్క మాట అంది. “అమ్మీ, నాను ఆ పాటల్ని దాసినానో పాతిపెట్టీసినానో తెలవటం నేదు.” ఏదో నీరసంలో అంటోందనుకున్నాను. సోడా తాగుతావా అని అడిగాను. ఆ మాట ఎంత బరువైనదో అర్థం కావడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆ తర్వాత రెండు నెలలకే నేను నా ఘనకార్యం చేశాను. డిస్కు నిండిపోయింది. ఒకే సినిమా పాట నాలుగు చోట్ల నాలుగు సైజుల్లో పడి ఉంది. అన్నీ విని తీసేయాలంటే ఏడాది పడుతుంది. నాకు ఓపిక తక్కువ, తెలివి ఎక్కువ అనే నమ్మకం. ఒకే పేరున్న ఫైళ్ళను పట్టుకుని, ఒకటి ఉంచి తక్కినవి తీసేసే ప్రోగ్రాము ఒకటి సంపాదించాను. అత్త బజారుకు వెళ్ళినప్పుడు నడిపించాను. సైజులు కూడా పోల్చమంటావా అని అది అడిగింది. వద్దన్నాను. తీసేసినవి చెత్తబుట్టలో ఉంచమంటావా అని కూడా అడిగింది. అదీ వద్దన్నాను. గంటలో సగం డిస్కు ఖాళీ. ఆ ఖాళీలోకి అప్పటికప్పుడు కొత్త పాటలు నింపేశాను కూడా. అత్త రాగానే, పొయ్యి మీద పాలు పొంగకుండా కాపాడిన పిల్లలా నిలబడి చూపించాను.

ఆమె ముందు ఆదివారం ఫోల్డరు తెరిచింది. నరసమ్మ గారి పాట ఉంది. సోమవారం తెరిచింది, ఖాళీ. మంగళవారం, ఖాళీ. ఆమె ఒక్కొక్కటే నొక్కుతోంది. రాహువు, ఖాళీ. లచ్చివారం, ఖాళీ. ఓడ హారతి అని ఒకటే పేరున్న పదకొండు ఫైళ్ళు. ఆ ప్రోగ్రాము దృష్టిలో అవి ఒకే పాటకు పదకొండు నకళ్ళు. ఎంతో బుద్ధిగా ఒకటి ఉంచి పది తీసేసింది.

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, ఖాళీ ఫోల్డరు కేసి చూస్తూ ఉండిపోయింది. ఫోను పట్టుకుని వచ్చిన ఒక బర్మా అమ్మాయిని రేపు రమ్మంది. మూడు గంటలకే షట్టరు దించేసింది. “నువ్వు సెయ్యగలిగింది సెయ్యి ముందు” అంది చివరికి. డిస్కు పట్టుకుని ఊరి నడిబొడ్డున ఉన్న రిపేరువాళ్ళందరి దగ్గరికీ మూడు రోజులు తిరిగాను. ఒకతను ఫైళ్ళ పేర్లు తెప్పించగలిగాడు. నొక్కితే గరగరమనే శబ్దం తప్ప గొంతు లేదు. పైన వేరే పాటలు రాసేశావు కదా, ఇంకేం దొరుకుతుంది అన్నాడు. ఏడ్చుకుంటూ వచ్చి చెప్పాను. అత్త విని, “అయితే రేపట్నించి ఇళ్ళకి ఎల్దాం. సెరిపింది నువ్వు కాబట్టి నువ్వే సెప్పాల. మల్లీ పాడించుకుందాం” అంది.

ఆ పది ఇళ్ళూ నాకు నడిచిన ప్రతి అడుగుతో సహా గుర్తున్నాయి. మొదటి ఇంట్లో ముసలావిడ నా మాట విని పగలబడి నవ్వి, “అంతేనా, పోలీసులేమో అనుకున్నాను” అని అప్పటికప్పుడు పాడేసింది. అత్త రికార్డు చేసుకున్న తీరుకు, ఈ తీరుకు సగం మాటలు వేరు. మూడో ఇంట్లో పాడినావిడ పోయింది. కోడలు మాకు తెలుగులో జవాబు చెప్పలేక బర్మాలో మాట్లాడుతూ, లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చింది. అత్తగారు పాడుతుంటే ఎప్పుడో బర్మా లిపిలో రాసుకుందట. అది చూసి, ముక్కలు ముక్కలుగా, ఒత్తులన్నీ ఎగిరిపోగా పాడింది. సిగ్గుతో మెడ దాకా ఎర్రబడింది. రత్నం అత్త ఒక్క తప్పూ దిద్దలేదు. అలాగే రికార్డు చేసి, ఆమె చేతులు రెండూ పట్టుకుంది. అక్కడా నా తప్పు నేనే చెప్పాను, బర్మాలో.

ఆరో ఇంట్లో లోపలికి రానివ్వలేదు. పాడినావిడ కూతురు నా కంటే పదేళ్ళు పెద్ద, బడిలో పని చేస్తుంది. తలుపు సగం తెరిచి పూర్తిగా విన్నది. “మా అమ్మ గొంతు నీకు సెత్తలా కనిపించిందా? ఒకపాలి ఇని తీసినావా, ఇనకుండానే తీసీసినావా?” అని అడిగింది. వినలేదని ఒప్పుకున్నాను. “ఇని తీసుంటే ఇంత బాధ ఉండదు” అని తలుపు వేసేసింది. మెట్ల మీద అత్త ముందు దిగిపోతోంది, వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మెట్లే నన్ను మండిస్తాయి. ఆవిడ తల్లి గొంతు భద్రంగా ఉందని తెలిసి కూడా, ఆ మనిషి చేతిసంచి ఊపుకుంటూ ఆ మెట్లు దిగింది.

చివరికి తన్లిన్. బాగో నది మీది వంతెన దాటుతున్నంతసేపూ, బస్సు చెడిపోతే బాగుండునని కోరుకున్నాను. అప్పలస్వామి తాత అరుగు మీద కూర్చుని దోమతెర కుట్టుకుంటున్నాడు. చెప్పాను. సూది ఆగింది. పక్కింట్లో రేడియోలో ఒక ప్రకటన అయిపోయి రెండోది మొదలైంది.

“దగ్గు కూడా పోనాదా?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. పాట ముందు ఆవిడ దగ్గుతుంది, అదీ పోయిందా అని అడుగుతున్నాడు. పోయింది తాతా అన్నాను.

అప్పుడాయన సూది గుడ్డకు గుచ్చి, గొంతు సవరించుకుని, ముందు దగ్గాడు. ఆవిడ దగ్గినట్టే. ఓడ హారతి అందుకున్నాడు. మాలో మగవాడు ఆ పాట పాడగా ఎవరూ విని ఉండరు, పాడితే అశుభమంటారు. వీధిలో పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు నిలబడిపోయారు. కోడలు లోపలినుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన ఆవిడ ఊపిరి తీసుకున్న చోట ఊపిరి తీసుకున్నాడు, రెండో చరణంలో ఆవిడ మాట మరిచి మళ్ళీ వెనక్కి వెళ్ళిన చోట తనూ మరిచి వెనక్కి వెళ్ళాడు. ఏడాదికొక్కసారి విన్న పాట. అత్త ఫోను ఆయన ముందుకు జరిపి పట్టుకుంది. పాట అయ్యాక ఆయన పుట్టింది ఏ వారమని అడిగాను, ఫోల్డరు కోసం. అత్త నన్ను వారించింది. “లచ్చివారంలోనే ఎట్టు. పాట ఆవిడిది” అంది.

ఆ తర్వాత ఆయన దుకాణానికి రావడం మానేశాడు. తద్దినం నాడు ఇంట్లోనే తనే పాడుకుంటున్నాడని కోడలు చెప్పింది. ఊళ్ళో ఇంకా చాలా జరిగింది. కాగితం మీద రాసుకున్న ఆ కోడలు రెండు పెళ్ళిళ్ళలో పాడింది, చూడకుండా. నరసమ్మ గారి మనవడి పెళ్ళిలో అత్త ఆవిడ చేత పళ్ళెం పట్టించి పాడించింది, స్పీకరు వైరు పీకి తన సంచిలో వేసుకుని మరీ. నేనేమో పేరు చూసి నమ్మడం అన్నది ఆ రోజుతో మానేశాను. పాత రికార్డింగులు విని సర్దే ఉద్యోగం ఈ ఊళ్ళో నాకు దొరికిందంటే, పది ఇళ్ళ ముందు నిలబడి నేర్చుకున్న చదువు వల్లే. అందుకే రత్నం అత్త పోయినప్పుడు కన్నతల్లి పోయినంతగా ఏడ్చాను. ఆమె లేకపోతే నేను లేనని పదిమందిలో చెప్పాను.

ఇప్పుడు ఈ డిస్కు. ఎనిమిది ఫోల్డర్లూ తెరిచి చూశాను. పాత పదకొండూ ఉన్నాయి. వాటి పక్కనే, మేము తిరిగి పాడించుకొచ్చినవి కూడా, అదే పేరుతో చివర రెండు అనే అంకె చేర్చి ఉన్నాయి. అంటే మరిచిపోయి ఎక్కడో పడేసిన నకలు కాదు. మేము తన్లిన్ నుంచి వచ్చాక, ఆమె తీరిగ్గా కూర్చుని కొత్తవాటిని పాతవాటి పక్కన సర్దింది. నేను దించిన తల ఎత్తకుండా తిరుగుతున్న రోజుల్లో, ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సింహాచలమ్మ గారి దగ్గు విని, ఆ తర్వాత ఆయన దగ్గు విని, రెండూ సరిపోయాయని చూసుకుని ఉంటుంది. ఆమె తమ్ముడికి ఫోను చేశాను. “మాలతీ, ఈ పెట్టి నీకే ఇమ్మంది, ఇంకెవులికీ ఒద్దంది” అన్నాడు. బతికుండగా నా కళ్ళలోకి చూసి చెప్పే ధైర్యం లేక, చచ్చాక చెప్పింది.

ఎందుకు చేసిందో నాకు తెలుసు. పాటలు ఫోన్లలో ఉన్నాయని నోళ్ళు మూతపడ్డాయి. నా తప్పు ఆమెకు అందివచ్చింది. పాట పోయిందంటేనే మళ్ళీ పాడతారు. అది నిజమే అయింది కూడా. కాని ఆరో ఇంటావిడ తలుపు వేసుకున్న చప్పుడు? ‘దగ్గు కూడా పోనాదా’ అని అడిగిన ముసలాయన? వాళ్ళను ఏడిపించే హక్కు ఈమెకు ఎవరిచ్చారు? రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. గోడ మీది ఆమె ఫోటో తీసి బీరువాలో పెట్టేశాను. మూడో రోజు పాట ఫోనులో వేసుకుని తన్లిన్ బస్సెక్కాను. ఆయనకు ఎనభై నాలుగేళ్ళు. ఆమె తరఫున క్షమాపణ అడిగి, ఆయన భార్యను ఆయనకు అప్పజెప్పాలి. ఇంకెవరి ఇల్లయినా తర్వాత.

తాత నన్ను గుర్తుపట్టాడు. చిక్కిపోయాడు గాని మాట స్పష్టంగానే ఉంది. టీ ఇప్పించాడు. రత్నం పోయిందట కదా అని బాధపడ్డాడు. ముందు పాట వినిపించి, తర్వాత సంగతి చెబుదామనుకున్నాను. ఇయర్‌ఫోన్లు నేనే ఆయన చెవులకు పెట్టాను. పాట నొక్కి ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. ఆయన శ్రద్ధగా, చివరి దాకా విన్నాడు. మధ్యలో రెండుసార్లు తల కూడా ఊపాడు. అయిపోయాక ఇయర్‌ఫోన్లు తీసి, లుంగీ అంచుతో తుడిచి నా చేతికిచ్చాడు.

“బాగానే పాడినాదమ్మా. ఎవులీవిడ?”

ఎనిమిదేళ్ళుగా ఆయన పాడుకుంటూ వచ్చిన పాట ఆయన చెవుల్లో ఆవిడ గొంతుగా స్థిరపడిపోయింది. అసలు గొంతు పరాయిదైపోయింది. నా చేతిలో ఫోను జారిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకున్నాను.

“అహ్లోన్ వైపు ఆవిడ తాతా” అన్నాను.

“అదీ అనుకున్నాను. మా సింహాచలం ఇంకా బాగా పాడీది. ఇను” అని, గొంతు సవరించుకుని, ముందు దగ్గాడు.

చివరి దాకా విన్నాను. వింటున్నంతసేపూ నిజం నా నాలుక చివర ఉంది, చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. రత్నం అత్త నా దగ్గర దాచినదాన్ని ఇప్పుడు నేను ఆయన దగ్గర దాస్తున్నాను, ఆమె దాచినంత శ్రద్ధగానే. ఆమె మీద కోపం తగ్గలేదు. ఆ కోపంలో సగం ఇక నుంచి నాకూ చెందుతుంది.